దేవిడీల్లో దఫ్తర్లు, తెరమీద అమరికలు

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి, నిజాం రాజ్యం ఎలా నడుస్తోందో చెప్పే కాగితాలు చాలావరకు హైదరాబాదు పాతబస్తీలోని రెండు కుటుంబాల దేవిడీల్లో (పెద్ద భవంతుల్లో) ఉండేవి. లెక్కల కచేరీలైన రెండు దఫ్తర్లలో దఫ్తర్-ఎ-మాల్ మాథుర్ కాయస్థులైన మాల్‌వాలాల చేతిలో, దఫ్తర్-ఎ-దివానీ మహారాష్ట్ర బ్రాహ్మణులైన రాయ్‌రాయాన్ వంశం చేతిలో తరతరాలుగా నడిచాయి. స్థూలంగా చెప్పాలంటే తెలంగాణ వైపు వ్యవహారం మొదటి దఫ్తరుది, మరాఠ్వాడా వైపు వ్యవహారం రెండో దానిది. ఏ జాగీరు ఎవరి పేర ఉంది, ఏ పరగణా మీద శిస్తు ఎంత, ఏ సనదు (హక్కు పత్రం) ఎప్పుడు పుట్టింది అన్న వివరాలకు ఆ చిట్టాలే ఆధారం. దివానులు మారారు, నిజాములు మారారు, దఫ్తర్లు మాత్రం ఆ ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ కుటుంబాలకు పని తెలియకపోవడం సమస్య కాదు; ఆ పని తెలిసినవాళ్లు వాళ్లే. కష్టమంతా అక్కడే వచ్చింది. రాజ్యాన్ని నడిపే అంకెలు ఒక ఇంటి జ్ఞాపకంలో, ఆ ఇంటి పద్ధతిలో, ఆ ఇంటి గుమాస్తాలకే అర్థమయ్యే రాతలో ఉంటే, వాటిని మార్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు కాగితం మీద ఒక జవాబు, వాస్తవంలో మరో జవాబు ఉంటాయి.

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు (అదనపు పనుల కోసం జతచేసే చిన్న ప్రోగ్రాములు) రాసేవాళ్లు అడ్మిన్ సెట్టింగ్స్ పేజీ కట్టేటప్పుడు ఎదుర్కొనేది కూడా ఈ ప్రశ్నే అని నా వాదన. ఆ పేజీని చాలామంది నాలుగు చెక్‌బాక్సులు, ఒక డ్రాప్‌డౌన్, కింద ఒక సేవ్ బటన్‌గా చూస్తారు. అసలు పని అయిపోయాక చివర్లో అతికించే భాగంగా లెక్కగడతారు. నా దృష్టిలో అది ఒక కచేరీ. ఎవరు లోపలికి రావచ్చు, ఏ అర్జీ చెల్లుతుంది, ఏ విలువ ఎక్కడ నమోదవుతుంది, ఆ చిట్టా ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి నిర్ణయమయ్యే చోటు. పరిపాలన చరిత్ర చదివిన కన్నుతో చూస్తే ఆ పేజీని కట్టే తీరే మారుతుంది. అందుకు పాతబస్తీని మించిన పాఠశాల మన దగ్గర లేదు.

ముందు తెరమీది కథ కొంత. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. దాని తొలి విడుదల 2003 మే 27న. బీ2 అనే పాత బ్లాగు సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని మొదలుపెట్టారు. ప్లగిన్లకు చోటిచ్చింది 2004లో వచ్చిన 1.2 వెర్షన్. ఆ తరువాతి నాలుగేళ్లు ఒక్కో ప్లగిన్ ఒక్కో దేవిడీ. తన ఫారం తనే రాసుకునేది, పంపిన విలువను తన పద్ధతిలోనే పరీక్షించేది లేదా పరీక్షించేది కాదు, ఆప్షన్స్ పట్టికలో తనకు తోచిన పేరుతో దాచుకునేది. 2008 డిసెంబరులో వచ్చిన 2.7 వెర్షన్‌తో సెట్టింగ్స్ ఏపీఐ (సెట్టింగులకు, అంటే అమరికలకు, ఉమ్మడి పద్ధతి) అందింది. అప్పటినుంచి ప్లగిన్ రాసేవాళ్లు తమ అమరికను ముందుగా రిజిస్టర్ చేయవచ్చు, దాన్ని ఒక విభాగంలో చేర్చవచ్చు, ఆ విభాగంలో గడులు పెట్టవచ్చు. సేవ్ నొక్కగానే విలువ సిస్టమ్‌కు చెందిన ఉమ్మడి ద్వారానికి పోతుంది. పంపిన మనిషికి ఆ అనుమతి ఉందా, ఆ ఫారం నిజంగా ఈ పేజీనుంచే వచ్చిందా అని అక్కడ చూస్తారు. ఆపైన ప్లగిన్ ఇచ్చిన శుద్ధి ఫంక్షన్ గుండా విలువను పంపి, అప్పుడే పట్టికలో రాస్తారు. విలువ ఎలా ఉండాలో ప్లగిన్ చెబుతుంది, అది దాటాల్సిన గడపను మాత్రం అందరికీ ఒకేలా ఉంచారు. ఈ పని విభజనే సెట్టింగ్స్ ఏపీఐ చేసిన అసలు మేలు.

సాలార్‌జంగ్ ముప్పై ఏళ్ల దివానుగిరీలో చేసిన పనిని ఈ కోణంలో చూడాలి. ఆయన పగ్గాలు పట్టిన ఏడాదే ఈస్టిండియా కంపెనీతో కుదిరిన ఒప్పందం కింద బీరారు చేజారింది. అంతకుముందు దశాబ్దాలుగా శిస్తు వసూలు గుత్తకు పోయేది. అరబ్బు జమాదార్లు, రొహిల్లాలు, సాహుకార్లు ఇచ్చిన అప్పులకు తాలూకాలే తాకట్టు. గుత్త తీసుకున్నవాడు ఎంత వసూలు చేశాడో సర్కారుకు తెలిసే దారి లేదు, అతను కట్టిన మొత్తం మాత్రమే తెలుసు. సాలార్‌జంగ్ ఆ తాకట్లను ఒక్కొక్కటిగా విడిపించి, గుత్తేదారుల స్థానంలో జీతగాళ్లను పెట్టాడు. కేంద్ర ఖజానా ఏర్పరిచాడు. సంస్థానాల్లో, పట్టణాల్లో రకరకాల టంకశాలలు అచ్చువేస్తున్న నాణేల స్థానంలో హైదరాబాదు టంకశాలనుంచి హాలీ సిక్కా తెచ్చాడు. 1860లలో జిల్లాబందీ జరిగింది. 1867 నాటికి రాజ్యం అయిదు విభాగాలు, పదిహేడు జిల్లాలుగా నిలిచింది, సుబేదారు, తాలూకాదారు, తహసీల్దారు అనే వరస ఏర్పడింది. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర వ్యవహారాలకు నలుగురు సదర్-ఉల్-మహాములను (మంత్రులను) నియమించాడు. వీటన్నిటిలోనూ ఒకే సూత్రం నాకు కనిపిస్తుంది: ఆజ్ఞకూ చిట్టాకూ మధ్య అందరికీ తెలిసిన ఒక గడప నిలబెట్టడం, ఆ గడప దగ్గర కూర్చునే మనిషి ఏ పనికి బాధ్యుడో ముందే చెప్పడం.

గడప లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఊహ అక్కర్లేదు. 2018 నవంబరులో డబ్ల్యూపీ జీడీపీఆర్ కంప్లయన్స్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడింది. లక్షకు పైగా సైట్లలో అది ఉంది. అమరికలను సేవ్ చేసే దాని భాగం, వచ్చిన మనిషికి అనుమతి ఉందో లేదో చూడకుండా, ఏ అమరికనైనా మార్చనిచ్చింది. దుండగులు రెండే రెండు విలువలు మార్చారు. ఎవరైనా సభ్యులుగా చేరవచ్చన్నది ఒకటి, చేరినవాళ్లకు మొదటే అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వాలన్నది మరొకటి. ఆ తరువాత మామూలుగా రిజిస్టర్ అయి సైటు యజమానులైపోయారు. 2019 మార్చిలో ఈజీ డబ్ల్యూపీ ఎస్‌ఎంటీపీ అనే మరో ప్లగిన్ విషయంలోనూ దాదాపు ఇదే దారిన దాడులు జరిగాయి. అది 3 లక్షలకు పైగా సైట్లలో ఉండేది. రెండో దానికి మూలం చాలామంది కొత్తవాళ్లు పొరబడే చోటే. అడ్మిన్ ఇనిట్ అనే హుక్ (ప్లగిన్ తన కోడును తగిలించే కొక్కెం) అడ్మిన్ల కోసమే నడుస్తుందని పేరునుబట్టి అనుకుంటారు. లాగిన్ కాని సందర్శకుడు కూడా ఆ హుక్‌ను కదిలించగలడు. ఈజ్ అడ్మిన్ అనే ఫంక్షన్‌దీ ఇదే తీరు: అది అడ్మిన్ ప్రాంతపు తలుపు తట్టారా అని మాత్రమే చెబుతుంది, తట్టినవాళ్లు ఎవరో చెప్పదు. దేవిడీ వాకిట్లో నిలబడ్డ ప్రతివాణ్నీ దఫ్తర్‌దారు అనుకోలేం కదా. ఈ రెండు ఘటనల్లోనూ తప్పిందల్లా సేవ్ చేసే ముందు అడగాల్సిన ఒక ప్రశ్న.

ఒక రాజ్యపు పరిపాలననూ ఒక ప్లగిన్ పేజీనీ ఒకే తక్కెడలో పెట్టడం అతిగా ఉందని ఎవరైనా అనవచ్చు. గుత్తేదారు కింద నలిగింది రైతు బతుకు, ఇక్కడ నలిగేది ఒక వెబ్‌సైటు. ఆ తేడాను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఇవాళ పాతబస్తీలో ఒక బడి ప్రవేశాల దరఖాస్తులు తీసుకునేది, ఒక చిన్న వార్తాసంస్థ తన వార్తలు పెట్టేది, ఒక ముత్యాల దుకాణం బేరాలు నడిపేది ఇలాంటి సైట్ల మీదే. వాటి అడ్మిన్ చేతిలో పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, కొన్నవాళ్ల చిరునామాలు ఉంటాయి. ఎక్కడో కూర్చుని ఆ ప్లగిన్ రాసినవాళ్లను వీళ్లు ఎన్నుకోలేదు, వాళ్ల పేరు కూడా వీళ్లకు తెలియదు. ఇలాంటి అసమాన సంబంధంలో, నిర్ణయం తీసుకునేవాడి జాగ్రత్తే ఎదుటివాడికి మిగిలే రక్షణ. ఆ మాట 1853లో నిజం, ఇప్పుడూ నిజమే.

ఇంకో అభ్యంతరం బలమైనది. అమరికలు ఎన్ని ఎక్కువుంటే వాడేవాళ్లకు అంత స్వేచ్ఛ కాదా? ఒక్కో సైటు అవసరం ఒక్కో రకంగా ఉన్నప్పుడు పేజీలో గడులు పెంచడమే ఉదారత కాదా? వర్డ్‌ప్రెస్ నిర్మాతలు దీనికి ఎదురు సమాధానాన్నే తమ సిద్ధాంతంగా ప్రకటించుకున్నారు: సాంకేతిక ఎంపికల భారం వాడుకరి మీదకు నెట్టకుండా రాసేవాళ్లే నిర్ణయాలు తీసుకోవాలని. నేను వాళ్ల వైపే ఉన్నాను. నాణేల రకాలు ఎక్కువున్నప్పుడు బజారులో లాభపడింది మారకం తెలిసిన సరాఫు. రైతుకు, కూలికి ఆ వైవిధ్యం స్వేచ్ఛగా దక్కలేదు. హాలీ సిక్కా ఎంపికలను తగ్గించి సామాన్యుడి లెక్కను తేలిక చేసింది. అలాగే నలభై గడులున్న పేజీ తెలిసినవాడికే ఉపయోగం. తెలియనివాడు భయంతో దేన్నీ ముట్టుకోడు, లేదా తెలియక ముట్టుకుని సైటును పడగొడతాడు. పేజీలో గడి పెట్టే ముందు దాని డిఫాల్టు విలువను నిర్ణయించాలి. నూటికి తొంభై మందికి ఆ డిఫాల్టే సరిపోతుందని తేలితే ఆ గడి ఉండాలా అని ఆలోచించాలి. ప్రాంతం, భాష, చెల్లింపుల ఖాతా లాంటివి సైటును బట్టి నిజంగా మారతాయి, వాటికి గడి తప్పదు.

సాలార్‌జంగ్ సంస్కరణ మీదే ఒక విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కొత్త కచేరీలను నడపడానికి ఆయన, ముఖ్యంగా 1870లలో, ఉత్తరాదినుంచి చదువుకున్నవాళ్లను రప్పించాడు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ లాంటి సమర్థులు అలా వచ్చినవాళ్లే. దాంతో ముల్కీ (స్థానికులు), గైర్‌ముల్కీ (బయటివాళ్లు) తగవు తలెత్తి తరాలపాటు నడిచింది. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1884లో, పారశీ స్థానంలో ఉర్దూ అధికార భాషగా రావడం మొదలైంది. తెలంగాణ పల్లె రైతుకు అదీ ఇదీ ఒకటే, తన అర్జీ తను చదువుకోలేడు. కచేరీ పద్ధతిగా ఉన్నంత మాత్రాన అది అందరిదీ అయిపోదని ఈ చరిత్ర చెబుతుంది. కేంద్రీకరణను సమర్థించే నాలాంటివాళ్లు దీనికి జవాబు చెప్పి తీరాలి.

జవాబులో ఒక భాగం సాలార్‌జంగ్ దగ్గరే ఉంది. ఆయన పాత దఫ్తర్లను ఒక్కదెబ్బతో రద్దు చేయలేదు. పక్కనే కొత్త శాఖలు కట్టి, పనిని మెల్లగా అటు మళ్లించాడు. దఫ్తర్‌దార్ల హోదా, దర్బారులో వాళ్ల స్థానం కొనసాగాయి. శాలిబండలో ఇప్పటికీ నిలిచి ఉన్న గడియార స్తంభం 1904లో రాయ్‌రాయాన్ దేవిడీకి కట్టినదే. ఆ వంశం ఇరవయ్యో శతాబ్దంలోకి ఎంత గౌరవంగా నడిచిందో అది చెబుతుంది.  ప్లగిన్ పాత వెర్షన్‌నుంచి కొత్తదానికి మారేటప్పుడు సాలార్‌జంగ్ చూపిన ఈ ఓర్పే కావాలి. పాత పేరుతో ఉన్న అమరికను చదివి, కొత్త పేరులోకి మార్చి, వాడుకరి ఏళ్ల క్రితం ఎంచుకున్న విలువను కాపాడాలి. అప్‌డేట్ అయ్యాక అన్నీ డిఫాల్టుకు వచ్చేస్తే, ఆ సైటు యజమాని తన కచేరీలో తనే పరాయివాడవుతాడు.

జవాబులో మిగతా భాగం, సెట్టింగ్స్ పేజీలోకి ఎవరు రాగలరన్నది. వర్డ్‌ప్రెస్ 2005 చివర్లో 2.0 వెర్షన్‌తో సున్నా నుంచి పది దాకా ఉన్న అంతస్తుల పద్ధతిని వదిలి, హోదాలు, అనుమతులు తెచ్చింది. అయినా నేటికీ చాలా ప్లగిన్లు తమ పేజీ మొత్తాన్ని మేనేజ్ ఆప్షన్స్ అనే ఒక్క అనుమతికి కట్టేస్తాయి. మామూలుగా అది అడ్మినిస్ట్రేటర్‌కే ఉంటుంది. దాని ఫలితం రోజూ చూస్తున్నదే: ఒక చిన్న సంస్థలో ప్రకటన వాక్యం మార్చాల్సిన ఉద్యోగికి కూడా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. నలుగురు సదర్-ఉల్-మహాములను వేరు చేసినట్టు, ప్లగిన్ తనకంటూ సొంత అనుమతులు ప్రకటించి, చెల్లింపుల గడులను ఒకరికి, పాఠం గడులను మరొకరికి తెరవగలదు. ఆ వెసులుబాటు సిస్టమ్‌లో ఏళ్లుగా ఉంది, వాడటానికి పట్టేది కొద్ది వరసల కోడే. భాష సంగతీ అంతే. గడి పక్కన ఉండే వివరణ వాక్యాలను అనువాద ఫంక్షన్లలో పెట్టి రాస్తే, వాటిని తెలుగులోకి, ఉర్దూలోకి తేవాలనుకునే స్వచ్ఛంద అనువాదకులకు దారి దొరుకుతుంది. నేరుగా ఇంగ్లిషులో కొట్టేస్తే కోడు చీల్చనిదే ఒక్క మాటా మారదు. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది గనుక పేజీ కూడా అటుగా తిరగాలి: మెనూ కుడికి రావాలి, గడుల పేర్లు కుడి అంచు పట్టాలి. వర్డ్‌ప్రెస్ తన సొంత అడ్మిన్ తెరలన్నిటికీ ఆ ఏర్పాటు చేసుకుంది. ప్లగిన్ రాసేవాళ్లు ఎడమ అంచు కొలతలను తమ స్టైల్‌షీటులో గట్టిగా బిగించకుండా ఉంటే చాలు, పత్తర్‌గట్టీలో ఉర్దూలో సైటు నడిపే దుకాణదారుకు ఆ పేజీ మొదటిరోజునుంచే సూటిగా కనిపిస్తుంది.