పద్యపఠన బోధన

పద్యపఠన బోధన అనగా విద్యార్థులు పద్యాన్ని అర్థవంతంగా, స్పష్టంగా, బెదురు లేకుండా పదిమంది యెదుట చదువునట్లు వారిని తీర్చిదిద్దుట. పద్యాన్ని కంఠస్థం చేయించుట ఇందులో ఒక భాగం మాత్రమే. ఇంటివద్ద తప్పులేకుండా అప్పజెప్పిన విద్యార్థి ప్రార్థన సమావేశంలో రెండవ పాదం దగ్గరే ఆగిపోవడం ఉపాధ్యాయులందరూ ఎరిగిన సంగతి. సాధారణంగా దీనిని పిరికితనమని భావిస్తారు గాని, చాలా సందర్భాలలో అసలు కారణం పద్యాన్ని నేర్పిన పద్ధతిలోనే ఉంటుంది.

ప్రాచీన గ్రంథాలలో

వేదాంగాలలో ఒకటైన శిక్షాశాస్త్రానికి చెందిన పాణినీయ శిక్షలో మంచి పాఠకునికి ఆరు గుణాలు, చెడ్డ పాఠకునికి ఆరు దోషాలు చెప్పబడ్డాయి. తీయదనం, అక్షరాల స్పష్టత, పదాలను తగినచోట విడదీయుట, మంచి స్వరం, ధైర్యం, లయ అనునవి గుణాలు. పాటలాగా సాగదీయుట, తొందరపడుట, తల ఊపుట, వ్రాసినదానిని చూచి చదువుట, అర్థం తెలియక చదువుట, గొంతు పీలగా ఉండుట అనునవి దోషాలు. ధైర్యం పుట్టుకతో వచ్చే స్వభావంగా కాక, ఉచ్చారణ, పదవిభాగాల సరసన పాఠకుని గుణంగా లెక్కింపబడుట ఇక్కడ గమనింపదగినది. దోషాలలో భయమనునది ప్రత్యేకంగా లేదు. తొందర, పీలగొంతు, అర్థం తెలియకపోవుట మాత్రం ఉన్నాయి. తరగతి గదిలో భయం కనబడేది కూడా ఈ మూడు రూపాలలోనే.

పదవ శతాబ్ది ప్రాంతపు రాజశేఖరుడు కూడా తన కావ్యమీమాంసలో కావ్యపఠనాన్ని ప్రత్యేకంగా చర్చించి, వివిధ దేశాలవారు చదివే తీరులను పోల్చి చెప్పాడు.

కృష్ణా ప్రాంతంలో పద్యం

తిరువూరు పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆనాటి పునర్విభజనలో ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. తెలంగాణలోని ఖమ్మం జిల్లా దీనికి సరిహద్దు. విజయవాడ నుండి తిరువూరు వచ్చే దారిలో ఉన్న మైలవరం తెలుగు నాటకరంగ చరిత్రలో పేరు పొందినది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో మైలవరం జమీందారు పోషణలో నడచిన బాలభారతీ నాటక సమాజం పద్యనాటకాలకు ప్రసిద్ధి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) హరిశ్చంద్ర నాటకంలోని పద్యాలు అక్షరజ్ఞానం లేని రైతుల నోట కూడా పలికాయి. ఆ హరిశ్చంద్రలో కాటిసీను వచ్చినపుడు గుర్రం జాషువా (1895–1971) శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడుట కూడా ఆనవాయితీ అయినది.

తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) మచిలీపట్నం హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) అక్కడ ఆయన శిష్యులు. అవధానంలో చివరి అంశం ధారణ. అంతవరకు పాదంపాదంగా చెప్పిన పద్యాలన్నింటినీ అవధాని కాగితం లేకుండా వరుసగా అప్పజెప్పవలెను. అటువంటి గురువు పాఠం చెప్పిన తరగతిలో పద్యం అంటే ముందుగా చెవికి వినబడేది, ఆ తరువాతనే కంటికి కనబడేది.

ఈ వారసత్వం వలన ఒక చిక్కు కూడా వచ్చినది. రంగస్థలంపై హార్మోనియం శ్రుతికి పాడిన పద్యమే పద్యపఠనానికి నమూనా అయినది. జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపాన్ని ఘంటసాల (1922–1974) గానం చేసిన తరువాత ఆ బాణీని అనుకరించుట పాఠశాలల్లో మిక్కిలి వ్యాపించినది. మంచి గొంతు గల పిల్లలకు ఇది వరమే. గొంతు లేనివారు మాత్రం పద్యం తమది కాదని వెనుక బెంచీలో కూర్చుంటారు. నటుడు బళ్ళారి రాఘవ (1880–1946) నాటకంలో పద్యాన్ని రాగాలాపనతో సాగదీయుటను వ్యతిరేకించి, భావానికే ప్రాధాన్యమిచ్చాడు. తరగతి గదికి ఆయన మాటే ఎక్కువ వర్తిస్తుంది. పద్యం చదువుటకు సంగీతం రానక్కరలేదు.

ఎక్కడ ఆగవలెను

పద్యపఠనంలో ఎక్కువ తప్పులు విరామం దగ్గర జరుగుతాయి. సంస్కృత ఛందస్సులో యతి అనగా విరామం. తెలుగులో యతి అనగా అక్షరమైత్రి మాత్రమే, అక్కడ ఆగనక్కరలేదు. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వది, శార్దూలంలో 13వది, మత్తేభంలో 14వది యతిస్థానాలు. ఛందస్సు పాఠం కొత్తగా విన్న విద్యార్థులు ఈ స్థానాల దగ్గర ఆగి ముందుకు సాగుతారు, దానితో మాట రెండు ముక్కలవుతుంది.

పాదాంతం సంగతీ అంతే. సంస్కృత శ్లోకంలో పాదం ముగిసేచోట సాధారణంగా పదం కూడా ముగుస్తుంది. తెలుగు వృత్తాలలో మాట ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో పూర్తి కావచ్చును. ఒక పాదం చివర "రామ" అని ఉండి తరువాతి పాదం "చంద్రుడు" అని మొదలైతే, పుస్తకంలోని వరుసను బట్టి ఆగిన విద్యార్థి రాముని ఒకచోట, చంద్రుని ఒకచోట నిలబెడతాడు. వినేవారు నవ్వుతారు. ఎందుకు నవ్వారో వానికి తెలియదు. మరల పద్యం చదువుటకు వాడు లేవడు.

అందువలన పద్యాన్ని నల్లబల్లపై పాదాల వరుసలో ఒకసారి, అన్వయాన్ని బట్టి ఊపిరి తీసుకొనే చోట గీతలు పెట్టి మరొకసారి వ్రాయుట మేలు. సంధులను విడదీసి చూపిన తరువాత మరల కలిపి పలికించవలెను. విడదీసినది అర్థానికి, కలిపినది నడకకు.

తరగతిలో శిక్షణ

మొదట ఉపాధ్యాయుడు పుస్తకం మూసి పద్యం చదువుట అవసరం. తాను చూచి చదువుతూ పిల్లలను చూడకుండా చదువుమనుట చెల్లదు. తరువాత తరగతి అంతా కలిసి, ఆపైన వరుసలవారీగా, ఇద్దరిద్దరుగా, చివరకు ఒక్కరుగా చదివించే క్రమం అనుభవంలో నిలిచినది.

మొదటిసారి లేచి నిలబడే పిల్లలకు వేమన ఆటవెలదులు మిక్కిలి అనుకూలం. నాలుగవ పాదం మకుటం కనుక మూడు పాదాలు ఒకరు చెప్పి, మకుటాన్ని తరగతి అంతా అందుకొనవచ్చును. మూడు పాదాలు దాటితే నలభై గొంతులు తోడు వస్తాయని తెలిసిన పిల్లవానికి కాళ్ళు వణకవు. నాలుగైదు పద్యాల తరువాత మకుటం కూడా వానికే అప్పగించవచ్చును. పిమ్మట సుమతీ శతకంలోని కందాలు, ఆపైన వృత్తాలు. సీసం నాలుగు పెద్ద పాదాలు, దాని క్రింద తేటగీతి గాని ఆటవెలది గాని గలది కనుక ఊపిరి అదుపులోకి వచ్చిన తరువాతనే చెప్పించవలెను.

మరపు చాలావరకు పాదాల మధ్యనే వస్తుంది. పాదం లోపల నడకయే పట్టుకొని పోతుంది గాని తరువాతి పాదపు మొదటి మాట జారిపోతుంది. అందువలన ఒక పాదం చివరి మాటను, తరువాతి పాదం మొదటి మాటను జతగా పలికించే అభ్యాసం ఉపయోగపడుతుంది. చదివేటపుడు ముందు వరుసలో ఒక స్నేహితుని మాట అందించుటకు కూర్చోబెట్టవచ్చును. నాటకాలలో మహానటులకే ప్రాంప్టరు ఉండేవాడు, పిల్లలకు ఉంటే తప్పేమి?

ఉచ్చారణ దోషాలను పద్యం మధ్యలో ఆపి దిద్దరాదు. శ, ష, స భేదం, ఒత్తక్షరాలు, ణ, ళ పలుకుట వంటివి పద్యం పూర్తి అయిన తరువాత తరగతి మొత్తానికి చెప్పి అందరిచేత పలికిస్తే ఒక్కరికే తప్పు అంటదు. తిరువూరు వంటి సరిహద్దు పట్టణంలో తరగతిలో ఒకటి కంటే ఎక్కువ యాసలు వినబడుట సహజం. యాస వేరు, అక్షరదోషం వేరు. దిద్దవలసినది రెండవదే.

గొంతు

ఎనిమిది, తొమ్మిది తరగతులలో మగపిల్లల గొంతు మారుతుంది. నిరుడు బహుమతి తెచ్చిన విద్యార్థి ఈ ఏడు పై స్థాయిలో గొంతు పగిలి సిగ్గుపడి మానుకొనే ప్రమాదం ఉన్నది. ఆ కాలంలో శ్రుతి బాగా దించి, మాట్లాడే స్థాయిలోనే చదివించవలెను. మైకుకు సుమారు జానెడు దూరం నిలబడుట, చివరి వరుసలోని వారిని చూస్తూ చదువుట చిన్న విషయాలే గాని ముందురోజు ఒకసారి చేయించి చూడవలెను.

పరీక్షలు, పోటీలు

పదవ తరగతి పబ్లిక్ పరీక్ష వ్రాతపరీక్ష. పద్యాన్ని పూరించి భావం వ్రాసినవారికి మార్కులు వస్తాయి, చదివినవారికి రావు. అందువలన పైతరగతులకు పోయిన కొలది తరగతిలో పద్యం వినబడుట తగ్గుతుంది. గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సందర్భంగా పాఠశాలల్లో జరిగే పద్యపఠన పోటీలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. అయితే పోటీకి పేరిచ్చేవారు ఏటా ఆ నలుగురే. అమెరికాలో 2006 నుండి ఉన్నత పాఠశాలల విద్యార్థులకు జాతీయస్థాయిలో జరుగుతున్న పొయెట్రీ అవుట్ లౌడ్ పోటీలో కంఠస్థంతో పాటు కవితను అర్థం చేసుకొన్నట్లు కనబడుటకు కూడా మార్కులు ఉంటాయి. మన పోటీలలో రాగానికి కేటాయించే మార్కులలో కొన్నింటిని పదవిభాగానికి, భావానికి మార్చినచో పాడలేని పిల్లలు కూడా పేర్లు ఇవ్వగలరు.