హిందీ ఖాతాలో గోర్‌బోలీ

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలే వేళ తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా కలగలిసి వినిపిస్తాయి. చాయ్ కొట్టు పక్కన ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకునేది మాత్రం చాలామందికి అంతుపట్టదు. అది గోర్‌బోలీ. మనం లంబాడీ అంటాం. వాళ్లు గోర్‌లు, బయటివాళ్లం మనం కోర్‌లు.

రాజస్థానీకి దగ్గరి చుట్టమైన ఈ భాష, ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ మొగలు సైన్యాల వెంట నడిచినవాళ్లతో దక్కనుకు వచ్చింది. 1874లో సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక ఆ బేరం పడిపోతూ వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం బ్రిటిష్ ఇలాకాల్లో చాలాచోట్ల వాళ్లను వెంటాడింది. చివరికి తండాలు పాతుకున్నాయి. ఊరికి ఎడంగా ఉండటమే భాషకు కంచె అయింది. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తల్లిని ఇప్పటికీ యాడి అంటారు. శ్రావణంలో తీజ్ వస్తే ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు పాడతారు.

2011 జనగణనలో దేశం మొత్తం మీద ఈ భాష చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను వేసింది హిందీ ఖాతాలో! సొంత లిపి లేదు, ఎనిమిదో షెడ్యూలులో చోటూ లేదు.

ఇంతమంది ఉండగా బెంగ ఎందుకంటారా? పపువా న్యూగినీలో గపూన్ అనే ఊరుంది. అక్కడి తయాప్ ఒక్క ఊరి భాష, అయినా తరతరాలు బతికింది. 1980ల్లో డాన్ కులిక్ అనే మానవశాస్త్రవేత్త వెళ్లేసరికి పెద్దలు తమలో తాము తయాప్, పిల్లలతో దేశమంతా నడిచే టోక్ పిసిన్ మాట్లాడుతున్నారు. మానేద్దామని ఎవరూ అనుకోలేదు. అడిగితే, పిల్లలే నేర్చుకోవడం లేదన్నారు. భాష బతుకును కొలిచేందుకు 2003లో యునెస్కో నిపుణులు పెట్టిన తొమ్మిది కొలతల్లో మొదటిది ఇదే: పిల్లలకు అందుతోందా?

ఇక్కడ పటాన్‌చెరులోనూ అదే ప్రశ్న. కంపెనీ పక్కన అద్దె గదిలో తండ్రి నైట్ షిఫ్టు, పిల్లలది ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో టీవీ తెలుగు. తీజ్ పాట మిగలొచ్చు, అన్నం పెట్టమని అడిగే మాట మిగలడం కష్టం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి, మంచిదే. కానీ పంచాయతీ ఆ గదిలోకి రాదు.

జనగణన మళ్లీ 2027లో. మాతృభాష అడిగితే హిందీ అనో తెలుగు అనో చెప్పి పంపకండి, లంబాడీ అని రాయించండి. ఆ సాయంత్రం పిల్లలను అన్నానికి కూడా అదే భాషలో పిలవండి.