జాయింట్ మ్యాథమెటిక్స్ మీటింగ్స్

జాయింట్ మ్యాథమెటిక్స్ మీటింగ్స్ (జేఎంఎం) అమెరికాలో ఏటా జనవరిలో జరిగే గణితశాస్త్ర మహాసభ. ఒక్కో ఏడాది ఒక్కో నగరంలో, సాధారణంగా నాలుగు రోజులు సాగుతుంది. కోవిడ్‌కు ముందు ఐదారు వేల మంది వచ్చేవారు. దశాబ్దాలపాటు దీన్ని అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ (ఏఎంఎస్), మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా (ఎంఏఏ) కలిసి నడిపాయి. ఆశయాలు వేరైన సంఘాలు ఒకే వేదికను ఎలా పంచుకుంటాయో, ఆ పొత్తు ఎప్పుడు సడలుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఏఎంఎస్ 1888లో న్యూయార్క్ నగర సంఘంగా పుట్టి, 1894లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని దృష్టంతా పరిశోధన మీదే. కాలేజీ అధ్యాపకుల కోసం వెలువడే 'అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ' పత్రికను చేపట్టాలన్న ప్రతిపాదనకు 1915లో అది ఒప్పుకోలేదు. ఆ పత్రికను నడుపుతున్నవారు అదే ఏడాది డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఎంఏఏను స్థాపించారు. దారులు వేరైనా వైరం పెరగలేదు. చాలామంది రెండింటిలోనూ సభ్యులే కాబట్టి, ఒకే ఊళ్లో ఒకేసారి సభలు పెట్టుకోవడం అందరికీ కలిసొచ్చింది.

ఉమ్మడి సభలో అసలు చిక్కు కార్యక్రమ పట్టిక దగ్గర వస్తుంది. ఒక సంఘం పెట్టిన ప్రధానోపన్యాసం వేళకే రెండో సంఘం తన ముఖ్య వక్తను నిలబెడితే శ్రోతలు చీలిపోతారు. అందుకే పెద్ద ఉపన్యాసాల వేళలను, ఇద్దరి తరఫున ఇచ్చే ఉపన్యాసాలను ఉమ్మడి కమిటీ చూసేది. చిన్న పత్రాలకు దక్కేది పదేసి నిమిషాలే. పక్కపక్క గదుల్లో అనేక సెషన్లు ఒకేసారి నడుస్తాయి. ఒక గదిలో పత్రం విని మరో గదికి వెళ్లేవారి కోసం అక్కడి వక్త చెప్పిన వేళకే మొదలుపెట్టాలి. ముందు వక్త రాకపోయినా తర్వాతివారిని ముందుకు జరపకూడదు. చూడ్డానికి చిన్న నియమమే గానీ, సభ మొత్తం దాని మీదే నిలుస్తుంది.

ఒకే గొడుగు కింద ఉన్నా ఎవరి ఉనికి వారిదే. 1923లో నెలకొల్పిన గిబ్స్ ఉపన్యాసం ఏఎంఎస్‌ది. 1980లో మొదలైన నోథర్ ఉపన్యాసం మహిళా గణితవేత్తల సంఘానిది. ఆ సంఘం పుట్టింది కూడా 1971లో అట్లాంటిక్ సిటీలో జరిగిన ఇదే సభలో. అంతకు రెండేళ్ల ముందు, న్యూ ఆర్లియన్స్ సభలో, నల్లజాతి గణితవేత్తలు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటీషియన్స్‌ను ఏర్పరచుకున్నారు. తమకు చోటు చాలడం లేదనుకున్నవారు సభను వదిలి వెళ్లలేదు, అక్కడే కొత్త సంఘాలు కట్టుకున్నారు. జేఎంఎం చరిత్రలో అత్యంత విలువైన ఘట్టాలు ఇవేనని చెప్పాలి.

కొత్తగా డాక్టరేట్ పొందినవారికి ఇది ఉద్యోగాల సంత కూడా. నెంబర్లు వేసిన బల్లల దగ్గర విశ్వవిద్యాలయాల ప్రతినిధులు కూర్చుని ఇంటర్వ్యూలు చేసేవారు.

2021 సభ తర్వాత ఎంఏఏ నిర్వహణ నుంచి తప్పుకుంది. వేసవిలో తానే జరిపే మ్యాథ్‌ఫెస్ట్ మీద శ్రద్ధ పెట్టాలన్నది దాని నిర్ణయం. బాధ్యత ఏఎంఎస్ ఒక్కదాని మీదే పడింది. కొత్త ఏర్పాటులో తొలి సభ 2022 జనవరిలో సియాటిల్‌లో జరగాల్సింది. కోవిడ్ వల్ల అది ఏప్రిల్‌కు వాయిదా పడి, ఆన్‌లైన్‌లో జరిగింది. మహిళా గణితవేత్తల సంఘం, తర్కశాస్త్ర సంఘం వంటివి భాగస్వాములుగా కొనసాగుతున్నాయి. గణిత బోధన మీద సెషన్లు కూడా ఆగలేదు.