బొమ్మలను మోసే కేబులు

1990 దశకములో సామర్లకోట వంటి పట్టణములలో ఇంటింటికి టెలివిజను బొమ్మలను తెచ్చినది పెన్సిలంత లావైన నల్లని కేబులు. దాని నడుమ రాగితీగె, చుట్టూ విద్యుద్బంధకము, ఆపైన లోహపు తొడుగు ఉండును. తీగెకు, తొడుగుకు అక్షమొక్కటే కనుక దీనిని ఏకాక్ష కేబులందురు.

ఈ నిర్మాణమునకు 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు పొందెను. మామూలు తీగెలలో పౌనఃపున్యము హెచ్చిన కొలది శక్తి వెలుపలికి పోవును. ఏకాక్ష కేబులులో అది తొడుగు లోపలనే ఉండును. ఈ గుణమును గుర్తించి 1929లో అమెరికాలో ఎస్పెన్‌షీడ్, అఫెల్ అనువారు, టెలివిజనుకు చాలిన విస్తృత పౌనఃపున్యములను మోయు కేబులుకై పేటెంటు కోరిరి. 1936లో బెర్లిన్, లైప్‌జిగ్ నగరముల ప్రజలు ఇట్టి కేబులు ద్వారా ఒకరినొకరు చూచుకొనుచు మాట్లాడుకొనిరి.

నేడు కొన్ని ల్యాప్‌టాపుల మూత కీలులో, అర మిల్లీమీటరు కంటె సన్నని ఏకాక్ష కేబుళ్ళు తెరకు సంకేతములనందించుచున్నవి. ఇంత సన్నబడినను ఇవి పనిచేయుటెట్లు? కేబులు ఇంపెడెన్సు దాని లావును బట్టి కాక, తొడుగు, తీగెల వ్యాసముల నిష్పత్తిని, బంధకమును బట్టి ఉండును. నిష్పత్తి మారకున్నచో కేబులును కుదింపవచ్చును. కాని తీగె సన్నబడిన కొలది నిరోధము పెరిగి సంకేతము క్షీణించును. అందుచేతనే జానెడు దూరమునకు వెంట్రుకవంటి తీగె చాలును; వీధి పొడవునకు పెన్సిలంత కేబులు కావలెను.