గృహ విజ్ఞానం: ప్రయోగశాల నుంచి వృత్తి విద్య దాకా

ఆహారం, పోషణ, పారిశుద్ధ్యం, వస్త్రాలు, శిశు సంరక్షణ, ఇంటి ఖర్చుల లెక్క వంటి విషయాలను శాస్త్ర పద్ధతిలో బోధించే విద్యాశాఖ గృహ విజ్ఞానం. మన కళాశాలల్లో హోమ్ సైన్స్‌గా పిలిచే ఈ శాఖ అమెరికాలో హోమ్ ఎకనామిక్స్ పేరుతో స్థిరపడింది. వంట, కుట్టుపని నేర్పే క్లాసుగా ముద్రపడినా, దీనికి పునాది వేసినది ఒక రసాయన శాస్త్రవేత్త.

ఆ శాస్త్రవేత్త కంటే ముందే, అమెరికాలో కేథరిన్ బీచర్ 1841లో ఇంటి నిర్వహణపై పాఠ్యగ్రంథం రాశారు. 1862 నాటి మోరిల్ చట్టం వల్ల ప్రభుత్వ భూముల అమ్మకపు సొమ్ముతో రాష్ట్రాల్లో వ్యవసాయ కళాశాలలు వెలిశాయి. వాటిలో అయోవా, కాన్సస్, ఇలినాయ్ కళాశాలలు 1870వ దశకంలోనే అమ్మాయిలకు గృహ నిర్వహణ పాఠాలు మొదలుపెట్టాయి.

అసలు మలుపు రసాయన శాస్త్రవేత్త ఎలెన్ రిచర్డ్స్‌తో వచ్చింది. మసాచుసెట్స్‌లో 1842లో పుట్టిన ఆమె, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరిన మొదటి మహిళ. ఆమె దగ్గర అధికారులు ఫీజు తీసుకోలేదు. అది ఉదారత కాదు. ఎవరైనా అడిగితే ఆమె తమ విద్యార్థిని కాదని చెప్పుకోవడానికి ఒక వీలు. 1873లో పట్టా అందుకుని, 1876లో అక్కడే మహిళల కోసం ప్రయోగశాల తెరిపించారు. 1887లో మొదలైన రాష్ట్రవ్యాప్త నీటి పరీక్షల్లో వేల నమూనాలను పరిశీలించారు. తీరానికి దగ్గరగా ఉన్న నీటిలో సముద్రపు ఉప్పు వల్ల క్లోరైడు ఎక్కువగా ఉంటుంది, లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఈ సహజ స్థాయిలను ఆమె పటంగా గీయించారు. ఏ ఊరి నీటిలోనైనా క్లోరైడు అంతకు మించితే మురుగు కలిసిందేమోనని అనుమానించాలి. ఇంటి ఆరోగ్యం గురించి ఆమె మాట్లాడిన ప్రతి మాట వెనుకా ఈ నీటి పరీక్షల అనుభవం ఉంది.

కార్మికులకు చవకగా పోషకాహారం అందించాలని రిచర్డ్స్ 1890లో బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కిచెన్ ప్రారంభించారు. వలస వచ్చిన కుటుంబాలు దాన్ని పెద్దగా ఆదరించలేదు. పోషకాల లెక్క సరిగ్గానే ఉంది గానీ, ఆ రుచి వాళ్ళ నోటికి పట్టేది కాదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె నడిపిన రమ్‌ఫర్డ్ కిచెన్ మాత్రం జనాన్ని ఆకట్టుకుంది. అక్కడ 30 సెంట్ల భోజనంతో పాటు అందులో మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థాలు ఎంతెంత ఉన్నాయో, ఎన్ని కేలరీలు వస్తాయో రాసిన కార్డు ఇచ్చేవారు.

1899 నుంచి 1908 వరకు లేక్ ప్లాసిడ్ పేరుతో జరిగిన సమావేశాలు ఈ శాఖకు రూపురేఖలు దిద్దాయి. వాటి నుంచే అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ సంఘం పుట్టింది; రిచర్డ్స్ తొలి అధ్యక్షురాలు. రసాయన శాస్త్ర విభాగాలు ఆడవాళ్ళకు ఉద్యోగాలివ్వని రోజుల్లో, శాస్త్రం చదివిన మహిళలు ఆచార్యులు కావడానికి దొరికిన ముఖ్యమైన దారి ఇది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో రైతుల భార్యలకు ఉత్తరాల ద్వారా పాఠాలు పంపడంతో మొదలుపెట్టిన మార్తా వాన్ రెన్‌సలేర్, సహచరి ఫ్లోరా రోజ్‌తో కలిసి 1911లో పూర్తి స్థాయి ఆచార్య పదవి అందుకున్నారు.

1917 ఫిబ్రవరిలో వచ్చిన స్మిత్–హ్యూస్ చట్టం వ్యవసాయం, చేతివృత్తులు, పరిశ్రమలతో పాటు గృహ విజ్ఞానాన్నీ వృత్తి విద్యలో చేర్చి, ఉపాధ్యాయుల జీతాలకు కేంద్ర నిధులు ఇచ్చింది. దీంతో ఈ పాఠం ఊరూరి హైస్కూలుకూ చేరింది. కానీ పరిశ్రమలకూ గృహ విజ్ఞానానికీ కలిపి ఇచ్చే జీతాల సొమ్ములో దీని వాటా 20 శాతం దాటకూడదని ఆ చట్టం షరతు పెట్టింది. పైగా అబ్బాయికి పరిశ్రమ, అమ్మాయికి వంటిల్లు అన్న విభజన బడుల్లో గట్టిపడింది. నల్లజాతి బాలికల బడుల్లోనైతే ఈ చదువు తరచూ ఇతరుల ఇళ్ళలో పనికి శిక్షణగా కుదించుకుపోయింది. ఈ శాఖ కోల్పోయిన వాటిలో పెద్దది రిచర్డ్స్ నాటి ప్రయోగశాల. 1972లో విద్యలో లింగవివక్షను నిషేధించే చట్టం వచ్చాకే అబ్బాయిలు ఈ తరగతుల్లో పెద్ద సంఖ్యలో చేరారు.

భారతదేశంలో అఖిల భారత మహిళా సభ కృషితో 1932లో ఢిల్లీలో గృహ విజ్ఞాన బోధనకు లేడీ ఇర్విన్ కళాశాల ఏర్పడింది. మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ చదువునూ, పొట్టపోసుకునే చేతిపనులనూ ఒకే కప్పు కిందికి తెచ్చింది. బరోడా విశ్వవిద్యాలయంలో గృహ విజ్ఞాన విభాగం ఏర్పడినప్పుడు ఉపకులపతి హంసా మెహతా. 1964లో అమెరికా వ్యవసాయ కళాశాలల నమూనాలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. హైదరాబాదు సైఫాబాదులోని హోమ్ సైన్స్ కళాశాల దాని పరిధిలోనే నడిచింది. ఇప్పుడు అక్కడి డిగ్రీ పేరు కమ్యూనిటీ సైన్స్.

1960వ దశకం తొలినాళ్ళలో హంసా మెహతా అధ్యక్షతన పనిచేసిన సంఘం, ప్రాథమికోన్నత దశ వరకు గృహ విజ్ఞానాన్ని అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉమ్మడిగా బోధించాలని సూచించింది. దేశ విద్యావ్యవస్థను సమీక్షించిన కొఠారీ కమిషన్ ఈ పాఠాన్ని ఆడపిల్లలకు తప్పనిసరి చేయరాదంది. పాఠ్యప్రణాళికలు రాసేవారు ఈనాటికీ ముందు తెరిచి చదవవలసిన నివేదికలు ఈ రెండే.