కడప కవిలె కట్టలు

ఊరి చెరువు ఎవరు కట్టించారు? గుడి మాన్యం ఎంత? పొలిమేర ఎక్కడిదాకా? రెండు శతాబ్దాల కిందట కడప పల్లెల్లో ఈ లెక్కలన్నీ కరణం ఇంటి కవిలె కట్టల్లో ఉండేవి. విప్పి చూపడమా మానడమా అన్నది ఆయన దయ.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. పన్ను వసూలు చేయాలంటే ముందు నేల సంగతి తెలియాలి గదా! సర్వేకు దిగిన కాలిన్ మెకంజీ కొలతలతో ఊరుకోలేదు. ఆయన గుమాస్తాలు ఊరూరా తిరిగి కైఫియ్యత్తులు, అంటే ఊరి వృత్తాంతాలు, రాయించుకున్నారు. మొదట మౌజే, తాలూకా పేర్లు. ఆపైన అడవి నరికి ఊరు కట్టిన వైనం, గుడి శాసనాలు, పాలెగాళ్ళ తగాదాలు. చరిత్రా, పుక్కిటి పురాణమూ ఒకే కాగితం మీద.

మెకంజీ 1821లో పోయాడు. ఆయన సేకరణకు కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చింది. పల్లెజనం ఊరికే చెప్పిన మాటలకు అంత ధర పలికింది! కట్టల్లో కొన్ని లండన్ చేరాయి, కొన్ని మద్రాసు చేరాయి. ఆ సేకరణ పని తాను కొనసాగిస్తానని మెకంజీ సహాయకుడు కావలి లక్ష్మయ్య అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు కాదన్నారు. భారతీయుడి వల్ల కాదని వాళ్ళ నమ్మకం. సేకరించిందే భారతీయులన్నది వాళ్ళకు గుర్తు రాలేదు.

కాగితాలు పురుగుల పాలు కాకుండా కాచింది నకళ్ళే. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత జీతంతో పండితులను పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతి రాయించేవాడు. ఈ పనికి మేనేజరు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ఈ గ్రంథాల పిచ్చి బ్రౌన్ దొరగారిని అప్పుల్లో ముంచింది. తర్వాత మెకంజీ కైఫియ్యత్తులకూ నకళ్ళు తీయించాడు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో పరిశోధకులు తిరగేసే ‘లోకల్ రికార్డ్స్’ సంపుటాలు అవే. బ్రౌన్‌ను ఆకాశానికెత్తేవాళ్ళు కలం పట్టిన పండితులను తలచుకోవడం తక్కువ.

కడపలో ఆ బంగళా శిథిలాల చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు పోగుచేసి బ్రౌన్ గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. కడప జిల్లా కైఫియ్యత్తులు కట్టా నరసింహులు సంపాదకత్వంలో అక్కడినుంచే పుస్తకాలుగా వెలువడ్డాయి. బ్రౌన్ కూర్చిన తెలుగు నిఘంటువునైతే షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. తమ ఊరి చెరువు పుట్టుక తెలుసుకోవాలనుకునే రైతుబిడ్డ ఇవాళ ఏ కరణం గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.