ఎయిరోగ్రామ్ నుంచి వాట్సాప్ దాకా

1960, 70 దశకాలలో ఎన్.హెచ్.ఎస్. ఆసుపత్రులలో పనిచేయడానికి బ్రిటన్ వచ్చిన తెలుగు డాక్టర్లకు ఇంటి కబురంటే నీలిరంగు ఎయిరోగ్రామే. పెళ్ళి సంబంధాలు, పంటల సంగతులు, అమ్మ బెంగ అన్నీ ఆ ఒక్క కాగితంలోనే ఇమడాలి. ట్రంకు కాల్ బుక్ చేయడం చావు, పుట్టుకల వంటి సందర్భాలకే. 1976లో లండన్, బొంబాయిల మధ్య నేరుగా డయల్ చేసే సౌకర్యం వచ్చింది. అయినా మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు గడియారం మీదే! తరువాత ఫోన్ కార్డులు వచ్చాయి. 2003లో మొదలైన స్కైప్ కొన్నేళ్ళకే ముఖాలనూ చూపించింది. 2025లో అది మూతపడేనాటికి వాట్సాప్ ఇంటింటా ఉంది.

ఆనాడు ఊళ్ళోని అమ్మానాన్నల కోసం తపించిన తరమే ఇప్పుడు ఇక్కడ తాతయ్యలు, అమ్మమ్మలు అయింది. పిల్లలు ఉద్యోగాలరీత్యా మరో నగరంలో ఉంటారు. మనవలకు తెలుగు అంతంత మాత్రమే. ఒంటరితనం ఈ దేశమంతటా ఉన్న సమస్యే. అందుకే 2018 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం ఆ బాధ్యతను ఒక మంత్రికి అప్పగించింది. 2021లో జపాన్ కూడా అదే పని చేసింది.

మంత్రి చేయలేనిది మనవడు చేయగలడు. రోజూ పంపే శుభోదయం బొమ్మల కన్నా, వారానికొకసారి వీడియోలో "తాతయ్యా, మీరొచ్చిన కొత్తలో ఇక్కడ ఎలా ఉండేది?" అని అడిగి, ఓపికగా వింటే పెద్దలకు ఎంతో ఊరట. ఆ మాటలను ఫోనులోనే రికార్డు చేసి దాచుకుంటే మన వలస చరిత్ర కూడా నిలుస్తుంది. ఆ తరం మన మధ్య ఉండగానే ఈ పని మొదలుపెడదాం.